రాయల దండు దారిలో ఏడు రోజులు: ఉదయగిరి నుంచి పొట్నూరు దాకా

శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర బడి పుస్తకంలో నాలుగు వాక్యాలు. ఉదయగిరి పట్టాడు, కొండవీడు పట్టాడు, కొండపల్లి పట్టాడు, పొట్నూరులో జయస్తంభం నాటాడు. ఆ నాలుగు ముక్కల వెనక మూడేళ్ళకు పైగా కాలం ఉంది. 1513లో మొదలైతే సింహాచలం చేరేసరికి 1516 వేసవి వచ్చింది.

పెద్దన మనుచరిత్రలో ఒక సీసపద్యం ఈ దారినంతా నిప్పుగా చెబుతుంది. ఉదయాద్రి రాతికి కత్తి తగిలి పుట్టిన రవ్వ కొండవీడెక్కుతుంది, జమ్మిలోయలో పడుతుంది, కనకగిరి, గౌతమి (గోదావరి) దాటి పొట్నూరులో రాజుకుని ఒడ్డాది, ఒరియా గజపతి రాజుల రాజధాని కటకం దాకా పోతుంది. వరస చూస్తే అది రూటు మ్యాపే. తేడా ఒక్కటే. నిప్పు ఉరుకుతుంది, రాయల దండు ఉరకలేదు. ఆగింది, దారి కొట్టింది, గింజలు తెచ్చుకుంది, వెనక ఒక నమ్మకస్తుణ్ణి కూర్చోబెట్టి అప్పుడు అడుగు ముందుకేసింది. సేనానిగా రాయలి గొప్పతనం ఈ నిదానంలోనే ఉంది. కొండలు ఎక్కి చూస్తే తప్ప అది అర్థం కాదు.

మొత్తం దారి సుమారు 850 కిలోమీటర్లు. సొంత బండి గానీ అద్దె కారు గానీ ఉండాలి. బస్సుల్లో అయితే పది రోజులు పెట్టుకోండి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు దంచుతాయి, ఉదయగిరి రాళ్ళ మీద పాచి పడుతుంది. మార్చి దాటితే కొండవీడు బండల మీద చెయ్యి పెట్టలేం.

మొదటి రోజు: నెల్లూరు – ఆత్మకూరు – ఉదయగిరి

దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు దాటాక నేల మారుతుంది. వరి పొలాలు పలచబడి, రాతి నేలా ముళ్ళపొదలూ మొదలవుతాయి. ఈ మార్పును కాస్త గమనించండి, రేపటి లెక్కకు పనికొస్తుంది.

మధ్యాహ్నానికి ఊరు చేరితే సాయంత్రం కొండ కింద ఉన్న గుళ్ళు చూసుకోవచ్చు. రంగనాయకుల గుడి పెద్దది. కృష్ణుడి గుడి ఇప్పుడు బోసిగా కనిపిస్తుంది గానీ ఈ కథకు అదే ముఖ్యం. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే రాయలు విజయనగరానికి తీసుకుపోయి, 1515లో అక్కడ కొత్త గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపిలోని కృష్ణాలయ శాసనం ఆ సంగతి చెబుతుంది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, కల్ది లాంటి కర్రలతో గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. కొనేటప్పుడు చెంచా మెడ దగ్గర కర్ర పొర నిలువుగా సాగిందో అడ్డంగా తెగిందో చూసుకోండి. అడ్డంగా తెగితే నెలలో విరుగుతుంది.

బస విషయంలో ఎక్కువ ఆశించకండి. మర్నాడు కొండెక్కడానికి దారి తెలిసిన స్థానికుణ్ణి ఈ సాయంత్రమే మాట్లాడుకోండి. పైకి అడవి ఉంది కాబట్టి అటవీ సిబ్బందిని కూడా అడిగి ఉంచుకోవడం మంచిది.

రెండో రోజు: కొండ

తెల్లవారుజామున అయిదున్నరకల్లా నడక మొదలవ్వాలి. ఒక్కొక్కరికి నాలుగు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. పైన కోనేళ్ళున్నాయి కదా అనుకుని ఒకటే సీసా పట్టుకెళ్ళేవాళ్ళు సగం దారిలో వెనక్కి తిరగాల్సి వస్తుంది. మెత్తటి అట్ట ఉన్న చెప్పులు వద్దు, పాదం కదలకుండా పట్టే బూట్లు వేసుకోండి. తేనెపట్టులున్న చోట అరుపులు, అగ్గిపుల్లలు వద్దు. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడున్నా సరే దిగడం మొదలుపెట్టాలి. దారి పొదల్లో కలిసిపోయే చోట్లున్నాయి, చీకటి పడితే దొరకదు.

కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. పడమటి వైపు కొండ నిటారుగా గోడలా లేస్తుంది. పాత గెజిటీర్ల లెక్కలో మొత్తం పదమూడు కోటలు, ఎనిమిది కొండ మీద, అయిదు కింద. పైకి పోయే దారుల్లో ఎక్కడికక్కడ బురుజు అడ్డం వస్తుంది. ఎక్కేవాడి తల మీద పైవాడు రాయి వదిలితే చాలు, బాణం కూడా దండగ.

1535 ప్రాంతంలో విజయనగర చరిత్ర రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ ముట్టడి గురించి చెప్పిన మాటలు ఇక్కడ నిలబడి గుర్తు చేసుకోవాలి. ఆయన లెక్కలో రాయల దండు 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు. కోటకు ఉన్నది ఒకటే దారి, అందులో మనిషి వెనక మనిషి తప్ప పోలేరు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. ఆ కాలంలో రాయలు బండరాళ్ళు పగలగొట్టించి, ఆ సన్నదారిని వెడల్పు చేయించి, ఇంకా చాలా దారులు కొట్టించాడు.

ఇరుకు దారి అంటే ఏమిటో చూడాలంటే ఎక్కే దారిలో ఏదో ఒక ఇరుకు మలుపులో అయిదు నిమిషాలు ఆగండి. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. ఒకరు ఎక్కి మలుపు తిరగడానికి అయిదారు సెకన్లు పడుతుందనుకోండి. నిమిషానికి పది మంది, గంటకు ఆరువందల మంది. పైన మలుపు అవతల ఇరవై మంది కత్తులతో నిలబడితే, కింద 34,000 మంది ఉన్నా వాళ్ళకు ఎదురయ్యేది ఒక్కడే. మిగిలిన 33,999 మంది క్యూలో ఉన్నట్టే. అదే దారి నలుగురు పక్కపక్కన పోయేంత చేస్తే లెక్క మారిపోతుంది. ఇలాంటి దారులు నాలుగైదు ఒకేసారి తయారైతే, లోపలివాడికి ఎక్కడ కాపలా పెట్టాలో తెలియదు. అందుకే ఇక్కడ కత్తి కంటే గునపం ఎక్కువ పని చేసిందనాలి.

బండ పగలగొట్టడం ఆ కాలంలో మాటలు కాదు. రాతి మీద వరసగా చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొట్టి చీల్చేవారు. హంపి బండల మీద ఆ గుంటల వరసలు ఇప్పటికీ పళ్ళచక్రం అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. నిప్పు పెట్టి కాల్చి, చన్నీళ్ళు పోసి పగలగొట్టడం ఇంకో పద్ధతి. దానికి కట్టెలూ కావాలి, నీళ్ళూ కావాలి, రెండూ కొండ మీదికి మోయాలి. ఇదంతా పైనుంచి రాళ్ళు పడుతుండగా జరగాలి. తొందరపడే సేనాని ఈ పనికి పనికిరాడు. రెండు నెలలు చూసి "ఇక ఎక్కండి" అంటాడు, వెయ్యి మందిని పోగొట్టుకుంటాడు, మిగతావాళ్ళ గుండె జారిపోతుంది.

ఇప్పుడు తిండి లెక్క. ఇది మన లెక్కే, శాసనంలోది కాదు. మనిషికి రోజుకు కిలో గింజ అనుకుంటే 34,000 మందికి 34 టన్నులు. పెరికెద్దు వీపు మీద వంద కిలోలు అనుకుంటే రోజుకు 340 ఎద్దులు దిగాలి. నిన్న ఆత్మకూరు దాటాక నేల మారింది గుర్తుంది కదా, ఇక్కడ ఇంత పంట లేదు. గింజ 120 కిలోమీటర్ల నుంచి వచ్చిందనుకుంటే, ఎద్దు రోజుకు పదిహేను కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి పోను ఎనిమిది రోజులు, రాను ఎనిమిది. అంటే ఎప్పుడూ అయిదున్నర వేల ఎద్దులు దారిలో తిరుగుతూ ఉండాలి. ఏడాదిన్నరకు పద్దెనిమిది వేల టన్నులు దాటుతుంది. ఏనుగుల మేత వేరు. ఒక్కోదానికి 150 కిలోల పచ్చిమేత అంటే 800 ఏనుగులకు రోజుకు 120 టన్నులు, అది దూరం నుంచి మోసుకొచ్చేది కాదు. ఏనుగుల్ని ఒక్కచోట కట్టేస్తే వారంలో చుట్టుపక్కల అడవి బోడి అవుతుంది, చెదరగొట్టి మేపాలి. రైతు దగ్గర లాక్కుని తినే దండు ఏడాదిన్నర ఒకేచోట బతకలేదు. మొదటి నెలలోనే ఊళ్ళు ఖాళీ అవుతాయి, రెండో నెలలో దండు ఆకలికి చెదిరిపోతుంది. ఇంతకాలం నిలబడిందంటే వెనక డబ్బు చెల్లింపూ, దారి కాపలా రెండూ సరిగా నడిచాయనే.

లోపలివాడి లెక్క నీళ్ళది. 10,000 మందికి తలకు నాలుగు లీటర్లు, 400 గుర్రాలకు ముప్ఫై లీటర్ల చొప్పున రోజుకు 52,000 లీటర్లు. యాభై మీటర్ల పొడవు, యాభై వెడల్పు, మూడు మీటర్ల లోతు కోనేరు నిండా ఉంటే 75 లక్షల లీటర్లు. దాదాపు అయిదు నెలలు రావాలి. కానీ ఎండాకాలం రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోతే 20,000 లీటర్లు ఎండే తాగేస్తుంది. అయిదు నెలలు మూడున్నరకు దిగుతుంది. పైన ఒకటి కంటే ఎక్కువ కోనేళ్ళున్నాయి కాబట్టి నిజం లెక్క ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది గానీ, ఎండాకాలం ఎవరి పక్షమో తెలుస్తోంది. ఉదయగిరి పడింది 1514 జూన్ 9న. కొండవీడు పడింది 1515 జూన్ 23న. పాత క్యాలెండరు తేదీలు కాబట్టి పది రోజులు కలిపితే జూన్ 19, జులై 3. రెండూ వేసవి నీటిని పీల్చేశాక, వానలు ఇంకా చెరువులు నింపకముందు. కాకతాళీయం అనేవాళ్ళుంటారు. రెండు కొండలూ ఎక్కి చూశాక అలా అనడం కష్టం.

ఇంకొక సంగతి. 1513లోనే ఫిబ్రవరి, మే, జూన్ నెలల్లో రాయలు తిరుమల శాసనాల్లో మూడుసార్లు కనిపిస్తాడు. అంటే ముట్టడి కాలమంతా ఆయన ఈ కొండ కింద డేరాలో కూర్చోలేదు. రాజు లేని రోజుల్లో కూడా గునపాలు ఆగలేదన్నమాట. మన దగ్గర పెద్దాయన కనిపిస్తేనే పని జరిగే కార్యాలయాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది ఎంత అరుదో చెప్పక్కర్లేదు.

కోట పట్టుబడ్డప్పుడు, అప్పటిదాకా దాన్ని ఏలిన కళింగ రాజు ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రౌతరాయడు బందీ అయ్యాడు. గజపతికి అత్తో పిన్నో అయ్యే ఒకామె కూడా దొరికిందని, ఆమెను పూర్తి మర్యాదతో తీసుకెళ్ళారని నూనిజ్ రాశాడు. శత్రువు ఇంటి ఆడవాళ్ళు చిక్కితే పుట్టింట్లో ఉన్నట్టు చూసుకోవాలని ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో రాయలే చెప్పాడు. ఉదయగిరిని రాయసం కొండమరుసుకు అప్పగించి, జులై 6న తిరుమలలో ముప్ఫై వేల వరహాలతో కనకాభిషేకం చేశాడు. దండు అక్కడి నుంచి కటకం వైపు పరుగెత్తలేదు. ఏడాది పట్టింది కొండవీడు పడడానికి.

మూడో రోజు: ఉదయగిరి – పామూరు – కనిగిరి – అద్దంకి

రోజంతా బండిలోనే. పామూరు, కనిగిరి, పొదిలి, దర్శి మీదుగా అద్దంకి దాదాపు 160 కిలోమీటర్లు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, గుండ్లకమ్మ దాటాక నల్లరేగడి మొదలవుతుంది. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి రాజధాని, తర్వాతే రెడ్లు కొండవీడుకు మారారు.

రాత్రి అద్దంకిలోనో చిలకలూరిపేటలోనో ఉండి ఒక మ్యాపు పరిచి కూర్చోండి. కొండవీడు పట్టే ముందు రాయలి దండు పట్టిన కోటల పేర్లు శాసనాల్లో వరసగా ఉన్నాయి: అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. వాటికి చుక్కలు పెట్టండి. కొండవీటికి దక్షిణం నుంచి పడమర మీదుగా ఉత్తరాన కృష్ణ ఒడ్డు దాకా ఒక కొడవలి గీసినట్టు వస్తుంది. కృష్ణ దాటే రేవులు, నల్లమల నుంచి దిగే దారులు ఆ కొడవలిలోనే ఉన్నాయి. ముందు ఇవి తీసేస్తే కొండవీటికి గింజ రాదు, మనిషి రాడు, కబురు కూడా రాదు. నేరుగా కొండవీడు మీదికి పోయి ఉంటే ఈ ఆరు కోటల నుంచీ వెనక పోటు తగిలేది.

నాలుగో రోజు: కొండవీడు, మంగళగిరి

చిలకలూరిపేట – గుంటూరు హైవే నుంచి పక్కకు తిరగాలి. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. కారులో పైకి పోయి, సెల్ఫీ దిగి, గంటలో దిగేవాళ్ళే ఎక్కువ. దండయాత్ర అర్థం కావాలంటే పోయేటప్పుడు బండిలో పోయినా దిగేటప్పుడు పాత మెట్లదారి పట్టుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అటూ ఇటూ బండే మేలు, మెట్లు సమంగా ఉండవు.

కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అని రెండు ద్వారాలు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. ఇక్కడి నీటి ఏర్పాటు ఉదయగిరి కంటే తెలివైనది. మూడు చెరువులూ కొండ మడతల్లో ఉన్నాయి, కింది నుంచి చూస్తే కనబడవు. కాబట్టి ఈ కోట ముట్టడిలో నిన్నటి మ్యాపే అసలు ఆయుధం. నీళ్ళున్నా తిండి ఎంతకాలం?

ముట్టడి మధ్యలో గజపతి సాయానికి వచ్చాడని, రాయలు కోట చుట్టూ ఉన్న దండును కదపకుండా అక్కడే ఉంచి, మిగతా బలంతో ఎదురెళ్ళి ఏటి దగ్గర యుద్ధం చేసి గెలిచాడని నూనిజ్ చెబుతాడు. గజపతి వెంట అయిదు లక్షల కాల్బలం అన్న ఆయన అంకె నమ్మేది కాదు, రెండో రోజు గింజల లెక్కను పదిహేనుతో గుణించి చూడండి. కానీ చేసిన పని వరస నమ్మదగ్గది. సాయం వస్తోందని తెలియగానే ముట్టడి ఎత్తేసి మొత్తం దండుతో ఎదురెళ్ళడం మామూలుగా జరిగే తప్పు. లోపలివాళ్ళు బయటపడి గింజ నింపుకుంటారు, మళ్ళీ మొదటికొస్తుంది.

కోటలో చిక్కినవాళ్ళ పేర్లు శాసనాల్లో జాబితాగా ఉన్నాయి. గజపతి కొడుకు వీరభద్రుడు, నరహరిపాత్రుడు, శ్రీనాథరాజు, లక్ష్మీపతిరాజు, కసవాపాత్రుడు, బాలచంద్ర మహాపాత్రుడు, పూసపాటి రాచిరాజు, రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను. జాబితాను రెండుసార్లు చదివితే ఒక సంగతి తడుతుంది. పాత్రులనే బిరుదున్న ఒరియా సేనానులు, తెలుగు రాజులు, తురక సర్దారులు ఒకే కోటలో. ఇన్ని రకాల మనుషులు ఆకలితో ఒకేచోట ఇరుక్కుంటే ఎవరు ముందు తలుపు తీస్తారన్న అనుమానం ఎవరికి రాదు?

వీరభద్రుడి విషయంలో రెండు మాటలున్నాయి. తనకంటే తక్కువవాడితో కత్తిసాము చెయ్యమంటే అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని నూనిజ్. 1516 నాటి, కర్ణాటకలోని దావణగెరె వైపు శాసనంలో మాత్రం ఆయనే రాయలి కింద మలెబెన్నూరు సీమ ఏలుతూ, తన తండ్రికీ కృష్ణరాయలకూ పుణ్యం కలగాలని పెళ్ళి పన్ను తీసేశాడు. శాసనాన్ని నమ్మితే, పట్టుబడ్డ శత్రువు కొడుక్కి సీమ అప్పగించి, తన సొంత దేశం నుంచి దూరంగా పెట్టాడన్నమాట. చెరసాల ఖర్చు లేదు, పగ కూడా కొంత చల్లారుతుంది. తర్వాత మనసు విరిగి నూనిజ్ చెప్పిందీ జరిగి ఉండొచ్చు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

మధ్యాహ్నం మంగళగిరి. తిమ్మరుసు కొండవీడు పట్టిన సంగతి చెప్పే శాసనం నరసింహస్వామి సన్నిధిలో ఉంది. ఇక్కడ ఆగి చూడాల్సింది పేర్లను. కొండవీడు గెలుపు ఘనత శాసనంలో మంత్రి పేరు మీద ఉంది. రాజు దాన్ని చెరిపించలేదు. తర్వాత కొండవీటి సీమ తిమ్మరుసు మేనల్లుళ్ళు నాదెండ్ల అప్ప, గోపల చేతికొచ్చింది. బంధుప్రీతి అనొచ్చు, అది నిజమే. కానీ కొత్తగా పట్టిన సీమలో మొదటి రెండేళ్ళు తిరగబడని మనిషి కావాలి, తెలివి తర్వాత చూసుకోవచ్చు.

అయిదో రోజు: అమరావతి, కొండపల్లి

పొద్దున్నే అమరేశ్వరుడు. కొండవీడు పడ్డాక రాయలు ఇక్కడ తులాపురుషదానం (తన ఎత్తు బంగారం తూచి ఇవ్వడం) చేశాడు. రాణులు చిన్నాదేవి రత్నధేనువు, తిరుమలదేవి సప్తసాగర దానాలిచ్చారు. గంటలో చూసుకుని బయల్దేరొచ్చు. ఆ అక్టోబరులో తిరుమల, డిసెంబరులో అహోబిలం. అంటే గెలిచాక మళ్ళీ వెనక్కి పోయి, దండును విశ్రాంతికి వదిలి, కొత్తగా కూడగట్టుకుని రెండోసారి బయల్దేరాడు. అహోబిలం శాసనం ఈ రెండో ప్రయాణానిదే.

కొండపల్లి విజయవాడకు దాదాపు ఇరవై కిలోమీటర్లు. పైదాకా రోడ్డుంది, బండి దిగాక కోటలో నడక రెండు గంటలు చాలు. కింద బొమ్మల కాలనీలో తెల్లపొణికి కర్ర ఎంత తేలికో చేత్తో పట్టి చూడండి. కోట కొండవీడు కంటే చిన్నది, కానీ ఇక్కడ చిక్కినవాళ్ళు పెద్దవాళ్ళు: ప్రహరరాజు శిరశ్చంద్ర మహాపాత్రుడు, బోడజెన మహాపాత్రుడు, బిజిలీఖాను. గజపతి భార్య, ఒక కొడుకు కూడా దొరికారని నూనిజ్.

కొండపల్లి తర్వాత రాయలు తూర్పుకు పోలేదు, ముందు పడమరకు తిరిగాడు. శాసనాల్లో అనంతగిరి, ఉండ్రకొండ, ఉర్లకొండ, అరువపల్లి, జల్లిపల్లి, కందికొండ, కప్పలువాయి, నల్లగొండ, కంభంమెట్టు, కనకగిరి, శంకరగిరి అని వరస వస్తుంది. ఉండ్రుగొండ, ఉర్లుగొండ, అర్వపల్లి ఇవాళ సూర్యాపేట జిల్లాలో ఉన్నాయి. కంభంమెట్టు ఖమ్మమే. ఒక రోజు ఎక్కువ ఉన్నవాళ్ళు హైదరాబాదు హైవే పట్టుకుని ఉండ్రుగొండ చూసి రావచ్చు.

ఎందుకు తిరిగాడో మ్యాపులో తెలుస్తుంది. ఇక్కడి నుంచి సింహాచలం దాకా దారి సముద్రానికీ కొండలకూ మధ్య సన్నటి పట్టీ. ఆ పట్టీలో దండు పొడుగ్గా సాగితే ఎడమ పక్క అంతా ఖాళీ. ఖమ్మం వైపు నుంచి ఎవరు దిగినా గింజ బళ్ళు పోయినట్టే. ఇంత దూరం గెలుచుకుంటూ వచ్చి, గజపతి పారిపోతున్నాడని వింటూ, వెంటపడకుండా పక్కకు తిరిగి పదకొండు చిన్న కోటలు ఏరుకోవడానికి నిగ్రహం కావాలి. దండులోని కుర్రవాళ్ళు గొణుక్కునే ఉంటారు.

ఆరో రోజు: రాజమండ్రి మీదుగా సింహాచలం

రాజమండ్రి 160 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 190. గోదావరి వంతెన మీద ఆగడానికి వీల్లేదు, ఘాటు దగ్గర టీ తాగి బయల్దేరండి.

గజపతి ఎందుకు నిలబడి పోరాడలేదన్నదానికి, రాయల కథ చెప్పే పాత వచన గ్రంథం రాయవాచకంలో ఒక కథ ఉంది. తిమ్మరుసు గజపతి కింది పదహారుమంది పాత్రులకు లంచం ఇస్తున్నట్టు జాబులూ సొమ్మూ పంపి, అవి గజపతి చేతికే చిక్కేలా చేశాడట. సొంతవాళ్ళే అమ్ముడుపోయారనుకుని ఆయన పారిపోయాడట. కథ తర్వాతి కాలంలో రాసింది, చరిత్రగా తీసుకోవడానికి లేదు. కొండవీడు, కొండపల్లి రెండింటిలో కలిపి తన పెద్ద పాత్రుల్ని పోగొట్టుకున్న రాజు ఇక పోరుకు దిగడానికి వెనకాడితే, దానికి దొంగజాబులు అక్కర్లేదు.

ఏడో రోజు: సింహాచలం, పొట్నూరు

కొండ మీదికి పొద్దున ఆరింటికే పొండి. చందనోత్సవం రోజుల్లో శాసనాల పని పెట్టుకోవద్దు, జనంలో నిలబడి చదవలేరు. గుడి లోపల ఫొటోలు తియ్యనివ్వరు, కాబట్టి ఒక నోటుబుక్కు, పెన్సిలు ఉంచుకోండి. అంతకుముందే శాసన పాఠం అచ్చులో చూసి రాసుకుని వస్తే రాతి మీద అక్షరాలు పోల్చుకోవడం తేలిక. ఏమీ చూసుకోకుండా వచ్చినవాళ్ళకు గుడిలో ఉన్న వందల శాసనాల్లో ఏది ఎవరిదో తెలియక మెడ నొప్పి మిగులుతుంది.

రాయలి మొదటి శాసనం శకవర్షం 1438 ధాతు సంవత్సర చైత్రం, అంటే 1516 మార్చి నెలాఖరు. స్వామికి 991 ముత్యాల హారం ఇచ్చినట్టు ఉంది. 991 దగ్గర కాస్త ఆగండి. వెయ్యి అని రాయించుకోవచ్చు, ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఎద్దుల మీద దిగే బస్తాలు లెక్కపెట్టించిన దండు ముత్యాలు కూడా లెక్కపెట్టే ఇచ్చింది. 1519లో ఇంకో శాసనం కూడా ఇక్కడే వేయించాడు.

ఇక్కడ రాయలు ఆరు నెలలు గజపతి కోసం కాచుకున్నాడని, రాలేదని నూనిజ్ అంటాడు. కటకం ఇంకా నాలుగువందల కిలోమీటర్లకు పైనే ఉంది. మధ్యలో మహేంద్రగిరి కొండలు, వంశధార లాంటి ఏళ్ళు. వెనక గింజ దారి అప్పటికే విజయనగరం నుంచి వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా సాగింది. పడమట బీజాపూరు సుల్తాను ఊరుకోడు. పెద్దన పద్యంలో నిప్పు కటకాన్ని కాల్చింది గానీ, జయస్తంభం నాటింది మాత్రం సింహాద్రి పొట్నూరులోనే.

పొట్నూరు పద్మనాభం మండలంలో ఉంది. విశాఖ నుంచి గంటన్నర ప్రయాణం. గోస్తనీ నది పక్కన పచ్చటి పల్లెదారి, తినడానికి దారిలో ఏమీ దొరకదు, టిఫిను కట్టించుకుపోవడం మంచిది. ఇదే పద్మనాభం దగ్గర 1794లో పూసపాటి చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ దండుతో పోరాడి చనిపోయాడు. కొండవీడు బందీల జాబితాలో పూసపాటి రాచిరాజు పేరు చదివి వచ్చినవాళ్ళకు ఆ ఇంటిపేరు ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

తిరుగు ప్రయాణం రైల్లో పెట్టుకుంటే విజయవాడ దగ్గర కృష్ణ దాటేది రాత్రిపూట కాకుండా చూసుకోండి. సంధిలో గజపతి తన కూతుర్ని రాయలికి ఇచ్చి పెళ్ళి చేశాడు. రాయలు కృష్ణకు ఉత్తరాన ఉన్నదంతా తిరిగి ఇచ్చేశాడు. పొట్నూరు, సింహాచలం, రాజమండ్రి, కొండపల్లి, మొన్న మూడు రోజులుగా మీరు తిరిగినవన్నీ. వంతెన దిగి దక్షిణం ఒడ్డుకు వచ్చాక మంగళగిరి కొండ కనిపిస్తుంది. అక్కడి నుంచి కొండవీడు, వినుకొండ, ఉదయగిరి దాకా తన దగ్గరే ఉంచుకున్నాడు.